నలభై దాటితే నీళ్లే వేరు

జనవరి 8, పోర్ట్ లూయిస్

ఓడ రేపు మధ్యాహ్నం కదులుతుంది. ఇవాళంతా పెట్టెలు మోయడంతోనే సరిపోయింది. మా ల్యాబ్ వాటాకు వచ్చినవి పావు లీటరు గాజు సీసాలు. స్పాంజి అరల్లో ఒక్కోదాన్నీ పడుకోబెట్టి తెచ్చాం. మారిషస్ నుంచి 57½ డిగ్రీల తూర్పు రేఖాంశం పట్టుకుని నేరుగా దక్షిణానికి, 53 డిగ్రీల అక్షాంశం దాకా పోవాలి. దారిలో ఆగిన ప్రతిచోటా పైనుంచి అడుగు దాకా నీళ్లు తోడి ఆ సీసాల్లో నింపుకోవాలి. ఆ నీళ్లలో కార్బన్ ఎంత కరిగి ఉంది, ఎక్కడిది, ఎటు పోతోంది అన్నది తేల్చాలి. ఇంట్లో ఇదంతా చెబితే మా అత్తయ్య "ఇంత దూరం పోయి నీళ్లు తెస్తావా, మన బీచ్‌లో లేవా?" అంది. న్యాయమైన ప్రశ్నే.

మనుషులు ఏటా గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు పావు వంతు సముద్రాల్లోకి పోతోంది. అందులో 40 శాతం దాకా ఈ దక్షిణపు నీళ్లే తీసుకుంటున్నాయని అంచనా. పేపర్లలో "సముద్రం కార్బన్‌ను మింగేస్తోంది" అని రాస్తుంటారు. మింగాక ఏమవుతుందో మాత్రం రాయరు. నీళ్లు ఒకచోట ఉండవు కదా. గాలి నుంచి కార్బన్ అందుకున్న నీరు మునుగుతుంది, పారుతుంది, ఇంకెక్కడో పైకి తేలుతుంది. తేలినచోట ఆ కార్బన్ మళ్లీ గాలిలో కలవచ్చు. ఎక్కడ తేలుతుంది, ఎన్నేళ్లకు తేలుతుంది అన్నదే అసలు లెక్క.

సాయంత్రం రేవు బయట టీ తాగుతుంటే కొట్టతను మా మాటలు విని, తన పూర్వీకులూ తెలుగువాళ్లేనని చెప్పాడు. 1830ల నుంచి కాకినాడ పక్కనున్న కోరంగి రేవు లాంటి చోట్ల ఓడలెక్కి, చెరకు తోటల్లో కూలికి వచ్చినవాళ్ల సంతతి. అతనికి తెలుగు రాదు. ఉగాదికి మాత్రం ఇక్కడ ప్రభుత్వ సెలవు ఉందని గర్వంగా చెప్పాడు. టీకి డబ్బులు తీసుకోలేదు.

జనవరి 10, 25 డిగ్రీల దక్షిణం

నిన్నా ఇవాళా చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. నీలం రంగు నీళ్లు, ఎండ, వాంతులు. వరంగల్ నుంచి వచ్చిన రీసెర్చ్ స్టూడెంట్ రెండు రోజులుగా మజ్జిగన్నం తప్ప ఏదీ ముట్టుకోలేదు. వాడికి ఇదే మొదటి ఓడ ప్రయాణం.

ఒక మెషిన్ మాత్రం అప్పుడే పని మొదలెట్టింది. ఓడ అడుగు నుంచి సముద్రపు నీటిని పంపుతో లాగి, ఒక మూసిన గదిలో షవర్‌లా చిమ్ముతుంది. ఆ గదిలోని గాలికీ నీటికీ సమతూకం కుదిరాక, ఆ గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చూస్తుంది. పక్కనే బయటి గాలి లెక్క కూడా వస్తుంటుంది. రెండు గీతలు. నీటి గీత గాలి గీత కంటే కింద ఉంటే సముద్రం పుచ్చుకుంటున్నట్టు, పైన ఉంటే తిరిగి ఇస్తున్నట్టు. ఇవాళ నీటి గీత కాస్త పైనే ఉంది. భూమధ్యరేఖకు దక్షిణాన జనవరి అంటే నడి వేసవి, ఈ వెచ్చటి నీళ్ల దగ్గర పుచ్చుకోవడానికి చోటు లేదు. సున్నా డిగ్రీల నీరు పట్టుకోగలిగిన కార్బన్ డయాక్సైడ్‌లో 24 డిగ్రీల నీరు సగం కూడా పట్టుకోలేదు. సోడా సీసా ఫ్రిజ్‌లోంచి తీసి ఎండలో పెడితే ఏమవుతుందో అదే.

అలాగని సముద్రం దగ్గర ఉన్నది తక్కువేమీ కాదు. నీటిలో కలిసిన కార్బన్ డయాక్సైడ్‌లో ఒక శాతమో అంతో మాత్రమే వాయువుగా మిగులుతుంది. 90 శాతం బైకార్బొనేట్‌గా మారిపోతుంది, మిగతాది కార్బొనేట్. ఇలా వేషం మార్చుకోవడం వల్లే సముద్రంలో సుమారు 38 వేల బిలియన్ టన్నుల కార్బన్ ఇమిడింది. గాలిలో ఉన్నదానికి ఇది 40 రెట్లకు పైనే. దీంట్లో చాలా భాగం పరిశ్రమలు పుట్టకముందు నుంచీ ఉన్నదే. మనం కొత్తగా చేర్చింది పైన పలచటి వాటా. పాతదాన్నీ కొత్తదాన్నీ విడదీసి చూడటమే మా పనిలో కష్టం.

జనవరి 12, 28 డిగ్రీల దక్షిణం

మొదటి లోతు స్టేషన్. స్టేషన్ అంటే చార్టు మీద ఒక చుక్క. ఓడ వచ్చి ఆ చుక్క మీద నిలబడుతుంది. నేల నాలుగున్నర వేల మీటర్లకు పైగా కింద ఉంది.

నీళ్లు తోడే సరంజామాను అందరూ సీటీడీ అంటారు. ఉప్పదనం, ఉష్ణోగ్రత, లోతు కొలిచే సెన్సర్లు, వాటి చుట్టూ గుండ్రటి స్టీలు చట్రం, చట్రానికి నిలువుగా 24 గొట్టాలు. దిగేటప్పుడు గొట్టాల మూతలు రెండు వైపులా తెరిచే ఉంటాయి. పైకి లాగేటప్పుడు కావాల్సిన లోతులో ఆపి ల్యాబ్‌లో బటన్ నొక్కితే మూతలు పడతాయి. అంటే మూడు వేల మీటర్ల నీరు మూడు వేల మీటర్లదిగానే పైకి వస్తుంది. తాడు చుట్టే యంత్రం, వించి, సెకనుకు మీటరు చొప్పున దించుతుంది. దిగడానికి గంటంపావు, ఆగుతూ ఆగుతూ రావడానికి ఇంకో రెండు గంటల పైన. ఈలోపు నిద్రపోదామంటే కుదరదు, స్క్రీన్ ముందు ఒకరు ఉండాలి.

డెక్ మీదికి రాగానే క్యూ మొదలవుతుంది. ముందు ఫ్రిజ్ గ్యాసు వాళ్లు, తర్వాత ఆక్సిజన్ వాళ్లు, తర్వాత మేము, మా వెనక పోషకాల వాళ్లు, చివర్న ఉప్పు కొలిచేవాళ్లు. మూత తెరిచిన క్షణం నుంచి నీటిలోకి గాలి చొరబడుతుంది కాబట్టి ఎవరి కొలత తొందరగా పాడవుతుందో వాళ్లే ముందు.

ఫ్రిజ్ గ్యాసు అంటే సీఎఫ్‌సీలు. 1930ల నుంచి ఫ్రిజ్‌లలో, తర్వాత స్ప్రేల్లో వాడారు. ఓజోన్ పొర గొడవ వచ్చాక 1987 మాంట్రియల్ ఒప్పందంతో ఆపుకుంటూ వచ్చారు. ప్రకృతిలో ఇవి పుట్టవు. ఏ ఏడాది గాలిలో ఎంతున్నాయో రికార్డు ఉంది. కాబట్టి లోతు నీటిలో ఇవి ఎంత కలిసి ఉన్నాయో చూస్తే, ఆ నీరు చివరిసారి గాలిని ఎప్పుడు తాకిందో అంచనా కట్టవచ్చు. అసలు లేవంటే ఆ నీరు మన తాతల కాలం కంటే ముందే మునిగిందన్నమాట. సీఎఫ్‌సీ చూసే ఆయనకు ఓడలో ఏసీ లీకవుతోందేమోనని ఒకటే టెన్షన్. ఏసీ గ్యాసు ఇసుమంత తగిలినా శాంపిల్ పోయినట్టే.

మా వంతు వచ్చింది. గొట్టం కింది కొళాయికి మెత్తటి సిలికాన్ ట్యూబ్ తగిలించాలి. ట్యూబ్‌లో ఒక్క బుడగ కూడా ఉండకూడదు, ఉంటే వేలితో తట్టి తరమాలి. ట్యూబ్ చివర సీసా అడుగుకు ఆనాలి. నీరు కింది నుంచి మెల్లగా నిండి, పొంగి, సీసాకు రెట్టింపు నీరు పైనుంచి పొర్లిపోయేదాకా ఆగాలి. తర్వాత ట్యూబ్ మెల్లగా పైకి లాగాలి. పైన చిటికెడు చోటు వదిలి, 50 మైక్రోలీటర్ల మెర్క్యురిక్ క్లోరైడ్ వేయాలి. అది విషం. నీటిలోని సూక్ష్మజీవులు బతికి ఉంటే సీసాలోనే ఊపిరి పీల్చి కార్బన్ లెక్క మార్చేస్తాయి, అందుకని చంపేయాలి. చివరికి గాజు బిరడాకు గ్రీజు రాసి తిప్పి బిగించి, రబ్బరు బ్యాండు. రెండు జతల గ్లౌజులు, చల్లటి నీళ్లు, ఊగే డెక్. మా స్టూడెంట్ మూడో సీసా దగ్గర ఆగి "అక్కా, దీంట్ల బుడగ పోయింది, మళ్ల నింపాల్నా?" అన్నాడు. నింపాలి. మళ్లీ పొర్లించాలి. వాడికి వాంతులు తగ్గినట్టున్నాయి.

జనవరి 15, 40 డిగ్రీల దక్షిణం

సంక్రాంతి. ఇంటి నుంచి తెచ్చుకున్న అరిసెలు మెస్‌లో పెట్టాను. వంటాయన మలయాళీ, పండగని తెలిసి పాయసం చేశాడు. గిన్నెలు బల్ల మీద నిలవడం లేదు. తడి గుడ్డ పరిచి దాని మీద పెట్టుకుని తిన్నాం.

తెల్లవారుజాము నుంచి సముద్రం మారింది. నిన్న సాయంత్రం 20 డిగ్రీలున్న నీరు ఇవాళ మధ్యాహ్నానికి 16కి పడింది. పొడవాటి అలలు పడమర నుంచి కొండల్లా వస్తున్నాయి. ఈ అక్షాంశాల్లో గాలికి అడ్డుపడే నేల దాదాపు లేదు, భూమిని చుట్టి వచ్చే గాలి ఇది.

మేం దాటుతున్న వెచ్చటి నీటి కథ ఆఫ్రికా తీరంలో మొదలైంది. హిందూ మహాసముద్రపు ఉష్ణ ప్రాంతం నీరు మొజాంబిక్ పక్క నుంచి, మడగాస్కర్ కింది నుంచి కలిసి ఆగుల్హాస్ ప్రవాహమవుతుంది. ఆఫ్రికా కొసన కొంత నీరు సుడులుగా తెగి అట్లాంటిక్‌లోకి జారుకుంటుంది. ఎక్కువ భాగం మాత్రం అక్కడే వెనక్కి తిరిగి, మెలికలు తిరుగుతూ ఇటు తూర్పుకు వస్తుంది. వస్తూ వస్తూ తన వేడిని పైనున్న చల్లగాలికి వదిలేస్తుంది. వేడి పోయినకొద్దీ కార్బన్ డయాక్సైడ్ కోసం చోటు పెరుగుతుంది. ల్యాబ్‌లో గీతలు చూస్తే ఇది కళ్లకు కట్టినట్టు కనబడింది. గాలిలో పది లక్షల పాళ్లకు 420కి కాస్త తక్కువగా ఉంటే నీటి గీత 400 దగ్గర నుంచి దిగుతూ దిగుతూ 370 కిందికి పోయింది. రాత్రి పది దాకా ఆ స్క్రీన్ ముందే కూర్చున్నాను. పాఠాల్లో ఎన్నిసార్లు చెప్పినా, ఒక ప్రవాహం వేడి ఇచ్చి కార్బన్ పుచ్చుకోవడం ఇలా గంటగంటకూ చూడటం వేరు.

ఈ దారిలో ముందు కొలిచినవాళ్లున్నారు. ఫ్రెంచివాళ్లు రీయూనియన్ నుంచి క్రోజె, కెర్గెలెన్ దీవులకు సరుకులు తీసుకెళ్లే ఓడ మీద 1998 నుంచి ఇదే పని చేస్తున్నారు. వాళ్ల పాత అంకెలు లేకపోతే మా కొత్త అంకెలకు పెద్ద విలువ ఉండదు.

జనవరి 17, 45 డిగ్రీల దక్షిణం

నేను వచ్చిందే ఈ స్టేషన్ కోసం.

సీటీడీ దిగుతుంటే స్క్రీన్ మీద ఉష్ణోగ్రత గీత మొదట ఎడమకు జారింది. వేసవి ఎండకు వేడెక్కిన పైపొర అది, పలచగానే ఉంది. దాని కింద గీత దాదాపు నిలువుగా నిలబడింది. వంద మీటర్లు, రెండొందలు, మూడొందలు... ఉష్ణోగ్రత పెద్దగా మారడం లేదు. ఉప్పదనమూ అంతే. ఆక్సిజన్ నిండుగా ఉంది. కింది నీరు ఇంత ఒకేలా ఉందంటే ఎవరో కలిపి ఉండాలి. కలిపింది పోయిన చలికాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలులు, చలి కలిసి ఇక్కడి నీటిని వందల మీటర్ల లోతు దాకా చిలుకుతాయి. ఇక్కడికి తూర్పున, ఆస్ట్రేలియా దిక్కు పోయేకొద్దీ ఆ లోతు 500 మీటర్లు కూడా దాటుతుంది. ఆ నాలుగు నెలలూ ఈ మొత్తం పొర గాలితో లావాదేవీ నడుపుతుంది. వసంతం వచ్చాక పైన వెచ్చటి పలచటి పొర మూతలా పడుతుంది. కింది నీరు గాలికి దూరమై, తనలో ఉన్న కార్బన్‌తో సహా ఉత్తరానికి జారడం మొదలెడుతుంది.

మనం వదిలిన కార్బన్ సముద్రం లోపలికి పోయే పెద్ద దారుల్లో ఇదొకటి. 1994 నుంచి 2007 మధ్య సముద్రాలన్నీ కలిసి మనుషుల వాటా కింద 34 బిలియన్ టన్నుల కార్బన్ తీసుకున్నాయని ఓడల మీద సేకరించిన కొలతలతో లెక్కగట్టారు. ఆ కార్బన్ మునిగిన చోట్ల పటం చూస్తే దక్షిణాన 35 నుంచి 50 డిగ్రీల మధ్య ఇలాంటి పొరల వెంబడి మందంగా కనబడుతుంది.

క్యూలో నిలబడి సీసాలు నింపుతుంటే మా వాడు అడిగాడు, "అక్కా, కిందికి పోయిందంటే ఇగ సేఫే కదా?"

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఈ నీరు వందల మీటర్ల లోతులో హిందూ మహాసముద్రపు దక్షిణ సుడిలో కలుస్తుంది. అందులో కొంత పడమటికి పోయి, భూమధ్యరేఖ దాటి, సోమాలియా తీరం వెంబడి ఉత్తరానికి సాగుతుంది. నైరుతి రుతుపవనం మొదలయ్యాక సోమాలియా, ఒమన్ తీరాల దగ్గర గాలి పైనీటిని తోసేస్తే, ఖాళీని నింపడానికి కింది నీరు పైకి వస్తుంది. చాలావరకు దక్షిణం నుంచి వచ్చిన నీరే అది, దారి పొడవునా కుళ్లి కరిగిన సేంద్రియ పదార్థం తాలూకు కార్బన్ కూడా అందులో చేరి ఉంటుంది. అరేబియా సముద్రం మొత్తం మీద కార్బన్ డయాక్సైడ్‌ను గాలికి ఇచ్చే సముద్రం కావడానికి ఇదొక కారణం. మన పొలాలకు వాన తెచ్చే గాలే అక్కడ ఆ మూత తీస్తోంది.

"ఎన్నేళ్లకు?" అన్నాడు. దారిని బట్టి దశాబ్దాలు. కొంత నీరు ఇంకా లోతు దారులు పడితే శతాబ్దాలు.

జనవరి 18, అక్కడే

పని బంద్. గాలి 45 నాట్లు, డెక్ మీదికి ఎవరూ పోకూడదని కెప్టెన్ ఆర్డరు. అందరం మెస్‌లో. పని లేని శాస్త్రవేత్తలు ఒకచోట చేరితే వాదన తప్పదు.

ఇవాళ్టి వాదన సముద్రానికి ఇనుము మేపడం గురించి. ఈ దక్షిణపు నీళ్లలో పోషకాలు పుష్కలం, ఇనుము మాత్రం కరువు. ఇనుము చల్లితే నాచులాంటి సూక్ష్మ మొక్కలు పెరిగి, కార్బన్‌ను లోపలికి లాగి, చచ్చి మునిగిపోతాయి కదా అన్నది ఆశ. 2009లో మన దేశమూ జర్మనీ కలిసి పోలార్‌స్టెర్న్ అనే ఓడ మీద లోహాఫెక్స్ పేరుతో ఇది చేసి చూశాయి. వాజిహ్ నఖ్వీ, విక్టర్ స్మెటాచెక్ నాయకులు. పర్యావరణ సంఘాలు గోల చేస్తే జర్మనీ ప్రభుత్వం కొన్నాళ్లు ఆపి, తర్వాత అనుమతి ఇచ్చింది. దక్షిణ అట్లాంటిక్‌లో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము వేశారు. సూక్ష్మ మొక్కలు పెరిగాయి. పెరిగినవాటిని కోపెపాడ్‌లనే చిన్న జీవులు మేసేశాయి, వాటిని ఇంకొన్ని తినేశాయి. కిందికి పోయిన కార్బన్ చాలా తక్కువ. గాజు పెంకు కట్టుకునే డయాటమ్‌లయితే బరువుకు మునిగేవి, కానీ అక్కడి నీటిలో సిలికా లేదు. అదే మాకు తూర్పున ఉన్న కెర్గెలెన్ దగ్గర మాత్రం సముద్రంలోని గట్టు మీద నుంచి ఇనుము సహజంగా అందుతుంది, ఏటా వేసవిలో పచ్చటి మరక ఉపగ్రహాలకు కూడా కనబడుతుంది.

నా అభిప్రాయం అక్కడ చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను. సముద్రంలో కార్బన్ దాస్తామని డబ్బులడిగే ఎవరినైనా రెండు ప్రశ్నలు వేయాలి. ఎంత లోతుకు పోయింది, ఆ లోతులో నీరు ఎటు పారుతోంది? మూడొందల మీటర్లకు పోయి పదేళ్లలో తేలే కార్బన్‌కూ, మూడు వేల మీటర్లకు పోయినదానికీ ఒకే రేటు కట్టడం మోసం. ఒకరిద్దరు ఒప్పుకోలేదు. ఇంతలో సాంబారు గిన్నె జారి ఇద్దరి ఒళ్లో పడింది, వాదన అక్కడితో ఆగింది.

జనవరి 20, 51 డిగ్రీల దక్షిణం

నీరు 4 డిగ్రీలు. డెక్ మీద వేళ్లు మొద్దుబారుతున్నాయి, బిరడా తిప్పుతుంటే బిగిసిందో లేదో తెలియడం లేదు.

ఇది అంటార్కిటికాను చుట్టి పారే ప్రవాహం, భూమి మీద ఇంతకంటే పెద్దది లేదు. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ ఆ మాట చెబుతారు. ధవళేశ్వరం దగ్గర ఆ రోజు 35 లక్షల క్యూసెక్కులు పోయింది, అంటే సెకనుకు దాదాపు లక్ష ఘనపు మీటర్లు. దక్షిణ అమెరికా కొస దగ్గర కొలిచినప్పుడు ఈ ప్రవాహంలో సెకనుకు 13 కోట్ల ఘనపు మీటర్లకు పైగా తేలింది. అలాంటి వరద గోదావరులు 1,300కు పైగా ఒకేసారి, ఏడాది పొడవునా, సముద్రం పైనుంచి అడుగు దాకా.

ఇక్కడ ఇంకో వింత. లోతుకు పోతే చల్లబడాలి కదా. రెండొందల మీటర్ల దగ్గర చలికాలం వదిలిపోయిన చల్లటి పొర ఉంది. దాని కిందికి పోతే మళ్లీ కాస్త వేడెక్కింది, ఆక్సిజన్ పడిపోయింది. అది పాత నీరు. అట్లాంటిక్, పసిఫిక్, హిందూ మహాసముద్రాల లోతుల నుంచి శతాబ్దాలుగా పారి వచ్చి ఇక్కడ కలిసింది. పైనుంచి రాలిన చచ్చిన జీవులన్నీ అందులో కుళ్లి, ఆక్సిజన్ వాడుకుని, కార్బన్‌ను వదిలాయి. పడమటి గాలులు పైనీటిని ఉత్తరానికి తోస్తుంటే ఈ పాత నీరు పైకి లేస్తుంది. దాని దగ్గర తన పాత కార్బన్ బోలెడుంది. మన ఫ్యాక్టరీల కార్బన్ మాత్రం అది ఇంతవరకూ చూడలేదు. అందుకే ఒకే చోట రెండు పనులు జరుగుతాయి: పాతది గాలిలోకి పోతుంది, కొత్తది నీటిలోకి వస్తుంది. మొత్తం మీద రావడమే ఎక్కువ, ప్రస్తుతానికి.

ఆ "ప్రస్తుతానికి" మీదే గొడవంతా. 2007లో కోరిన్ లే కేరే బృందం, 1981 నుంచి 2004 దాకా ఇక్కడి పుచ్చుకోలు పెరగాల్సినంత పెరగలేదని చెప్పింది. గాలులు బలపడి పాత కార్బన్‌ను ఎక్కువగా పైకి తోడటమే కారణమని వాళ్ల మాట. 2015లో ఇంకో బృందం, 2002 ప్రాంతం నుంచి మళ్లీ పుంజుకుందని తేల్చింది. చలికాలంలో ఇటు ఓడలు రావడం అరుదు. అందరి లెక్కలూ ఎక్కువగా వేసవి కొలతల మీదే. 2014 నుంచి నీటి ఆమ్లతను (పీహెచ్) కొలిచే సెన్సర్లున్న ఫ్లోట్‌లు, అంటే ప్రవాహంతో పోతూ వాటంతటవే కొలిచే యంత్రాలు, వదలడం మొదలెట్టాక, చలికాలంలో ఈ నీళ్లు అనుకున్నదానికంటే ఎక్కువే వదులుతున్నాయని ఆ కొలతలు చెప్పాయి. విమానాల్లోంచి గాలిని కొలిచినవాళ్లు దాన్ని ఒప్పుకోలేదు. ఇంకా తేలలేదు.

మధ్యాహ్నం మేమూ ఒక ఫ్లోట్ వదిలాం. నిలువెత్తు పసుపు గొట్టం. తాడుతో మెల్లగా దించితే కాసేపు తల ఊపుతూ తేలి, తర్వాత మునిగింది. వెయ్యి మీటర్ల లోతులో ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు పోతుంది. పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు దిగి, అక్కడి నుంచి కొలుస్తూ పైకొచ్చి ఉపగ్రహానికి చెబుతుంది. హిందూ మహాసముద్రంలో ఇలాంటి ఫ్లోట్‌ల డేటా చూసే కేంద్రం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్. సముద్రం మొహం చూడని ఊళ్లో కూర్చుని ఈ నీళ్ల చలి చదువుతారు.

జనవరి 22, 53 డిగ్రీల దక్షిణం

ఇదే చివరి స్టేషన్, ఇక్కడి నుంచి వెనక్కి. రాత్రి రెండింటికి సీటీడీ అడుగుకు చేరింది. నేల దగ్గర ఉష్ణోగ్రత సున్నాకు కాస్త దిగువ, ఉప్పు ఉంది కాబట్టి గడ్డకట్టదు. ఆక్సిజన్ మళ్లీ పెరిగింది. అంటార్కిటికా అంచున సముద్రం గడ్డకట్టేటప్పుడు ఉప్పంతా కిందికి దిగి నీరు బరువెక్కుతుంది, వాలు వెంబడి అడుగుకు జారుతుంది. అక్కడి మన పరిశోధన కేంద్రం భారతికి పడమరగా ఉన్న కేప్ డార్న్‌లీ దగ్గర కూడా ఇలా జరుగుతుందని 2013లో బయటపడింది. ఈ నీరు పైన ఎక్కువకాలం ఉండదు, మంచు కప్పు కూడా అడ్డం. అందుకని మన కార్బన్‌ను ఇది 45 డిగ్రీల పొరంత మోయలేదు. కానీ మోసినదాన్ని చాలాకాలం పైకి రానివ్వదు.

వించి దగ్గర ఉప్పాడ బాబాయి ఉన్నాడు. చిన్నప్పుడు నాన్నతో వేటకు పోయినవాడు, తర్వాత ఓడలకు వచ్చాడు. "అడుగు నీళ్లు ఎటు పోతాయి మేడమ్?" అని అడిగాడు. క్రోజె, కెర్గెలెన్ గట్ల మధ్య సందులోంచి ఉత్తరానికి ఒక పాయ, తూర్పుగా తిరిగి ఇంకో పాయ, గట్ల సందులు వెతుక్కుంటూ శతాబ్దాల తర్వాత బంగాళాఖాతం అడుగుకు కూడా దక్షిణపు నీరే చేరుతుందని చెప్పాను. నమ్మినట్టు లేడు.

"మా దగ్గర పైనీళ్లే ఒక మాట మీద ఉండవు. కార్తీకంలో వల వేస్తే దక్షిణానికి లాక్కుపోద్ది. ఫాల్గుణం వచ్చేసరికి ఉత్తరానికి ఈడుస్తది. మా నాన్న నెల చూసుకుని పడవ ఎక్కడ ఆపాలో చెప్పేవోడు."

అక్షరాలా నిజం. మన తూర్పు తీర ప్రవాహం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నదుల మంచినీరు కలిసిన పైపొరను దక్షిణానికి, శ్రీలంక వైపు తీసుకుపోతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఎదురు తిరుగుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చిన కార్బన్ కూడా ఆ లెక్కనే అటూ ఇటూ పోతుంది. నేను చెప్పింది ఆయన విని తల ఊపి, "అయితే మా నాన్న చెప్పిందే కదా" అన్నాడు.

జనవరి 25, వెనక్కి, 42 డిగ్రీలు

ఓడ పోతూనే ఉంది, మేం ల్యాబ్‌లో సీసాలు తెరుస్తున్నాం. నీటికి ఫాస్ఫారిక్ యాసిడ్ కలిపితే కరిగిన కార్బన్ మొత్తం వాయువుగా బయటికొస్తుంది. దాన్ని నైట్రోజన్‌తో ఊది నీలం ద్రావణంలోకి పంపితే రంగు వెలుస్తుంది. మెషిన్ కరెంటు ఇచ్చి నీలం తిరిగి తెస్తుంది. ఎంత కరెంటు పట్టిందో అదే లెక్క. ఒక సీసాకు ఇరవై నిమిషాల దాకా.

సముద్రపు పైనీటిలో కిలోకు సుమారు 2 వేల నుంచి 2,200 మైక్రోమోళ్ల కార్బన్ ఉంటుంది. మన పుణ్యాన అందులో పెరిగేది ఏటా ఒకటి, అటూ ఇటూగా. మా కొలతలో తేడా రెండు దాకా ఉండవచ్చు. అంటే ఒక ఏడాది మార్పు మాకు కనబడదు, పదేళ్లది కనబడుతుంది. అందుకే రోజూ అమెరికాలోని స్క్రిప్స్ సంస్థ ఇచ్చే ప్రామాణిక సీసా ఒకటి తెరిచి మెషిన్‌ను సరిచూసుకుంటాం. ఆ సీసాలు దొరకని ఏడాది ప్రపంచంలో ఈ పని చేసేవాళ్లందరికీ గండమే.

జనవరి 28, 31 డిగ్రీల దక్షిణం

దారిలో చివరిగా ఒక స్టేషన్ అడిగి వేయించుకున్నాను. చీఫ్ సైంటిస్ట్ ఆరు గంటలకు మించి ఇవ్వనన్నారు. వెయ్యి మీటర్ల వరకే దించాం.

పైన 24 డిగ్రీల వెచ్చటి నీరు. 400 మీటర్లు దాటాక మళ్లీ ఉష్ణోగ్రత గీత నిటారుకు దగ్గరగా వచ్చింది, ఆక్సిజన్ చుట్టుపక్కల పొరల కంటే ఎక్కువ. సాంద్రత చూస్తే ఇది 45 డిగ్రీల దగ్గర పుట్టే నీళ్ల కుటుంబానిదే. అక్కడ చేతికందేంత దగ్గరలో ఉన్న పొర ఇక్కడికొచ్చేసరికి వందల మీటర్లు మునిగింది. సీఎఫ్‌సీ ఆయన రాత్రి తొలి అంచనా చెప్పారు: గాలిని వదిలి ఇరవై ఏళ్లు, కాస్త అటూ ఇటూగా. అంటే ఇది తీసుకున్నది ఇవాళ్టి గాలి కాదు, ఇంకా 375, 380 దగ్గర ఉన్నప్పటి గాలి. ఇప్పుడు 45 డిగ్రీల దగ్గర మునుగుతున్న నీరు 420కి దగ్గరైన గాలిని తీసుకుని బయల్దేరుతోంది. అరేబియా తీరంలో తేలేవాటి వంతు ఇదే వరుసలో వస్తుంది, ఒక్కో ఏటి నీటిలో మన కార్బన్ ముందు ఏటికంటే కాస్త ఎక్కువగా.

మా వాడు ఈసారి సీసాలన్నీ ఒక్క బుడగ లేకుండా నింపాడు.

జనవరి 31, పోర్ట్ లూయిస్

పొద్దున్నే రేవు కట్టాం. మెర్క్యురిక్ క్లోరైడ్ కలిసిన నీళ్లు విమానంలో పోవు, కాబట్టి తెరవని సీసాలన్నీ ఓడలోనే గోవాకు పోతాయి, మా వాటా అక్కడి నుంచి లారీలో విశాఖకు. విషపు వ్యర్థం డబ్బాలకు వేరే ఫారం, వేరే సంతకాలు. ఉప్పాడ బాబాయి గోవా దాకా ఓడతోనే వెళ్తున్నాడు. పెట్టెలు తలకిందులు కాకుండా చూడమని ఆయనకే అప్పజెప్పాను. మార్చి మొదటి వారానికి సీసాలు చేరితే ఏప్రిల్‌కల్లా అంకెలు ఉంటాయి.